అనుపానమే విషమైన వేళ

మందుసీసా లేని గృహము మన యుద్యోగుల కాలనీలలో అరుదు. అలమరలో ఒక మూల దగ్గుమందు, ఇంకొక మూల పసిబిడ్డల జ్వరపు సిరప్పు, దాని నెత్తిన బోర్లించిన చిన్న కొలపాత్ర మనమందరము ఎరిగినవే. తల్లి ఆ పాత్రలో గీతవరకు మందు వంచి బిడ్డ నోట పోయును. ఆ క్షణమున ఆమె నమ్మిక యంతయు సీసాపై వ్రాసియున్న మందు పేరుమీద నుండును. కాని ఆ ద్రవములో మందు పాలు మిక్కిలి కొద్ది. 5 మిల్లీలీటర్ల జ్వరపు సిరప్పులో ఉండు పారాసిటమాలు సాధారణముగా 125 మిల్లీగ్రాములో, 250 మిల్లీగ్రాములో మాత్రమే. మిగిలినదంతయు మందును మోయు ద్రవమే.

ఆ ద్రవము చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని గత తొంబది సంవత్సరములలో జరిగిన ఘోరమైన ఔషధ విపత్తులలో పెక్కింటికి కారణము మందు కాదు; మందును మోసిన ద్రవము. ప్రతి విపత్తు వెనుకను ఒక విచారణయో, ఒక చట్టమో, ఒక ఉత్తరువో వచ్చినది. అయినను విపత్తులు ఆగలేదు. ఇట్లేల జరిగినదో తెలిసికొనుట, పిల్లలున్న ప్రతి యింటివారికిని, కాగితములమీద దేశకార్యము నడుపు మనవంటి వారికిని, సమానముగా అవసరము.

పూర్వుల పద్ధతి

ద్రవరూపమున మందిచ్చుట మనకు క్రొత్త కాదు. ఆయుర్వేదము చెప్పిన పంచవిధ కషాయ కల్పనలు స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అనునవి. వీనిలో ముద్దగా నూరిన కల్కము తప్ప తక్కిన నాలుగును ద్రవములే. పచ్చి మూలికను దంచి పిండినది స్వరసము. నీట మరగించి దింపినది క్వాథము. రాత్రి చల్లని నీట నానవేసి ఉదయమున వడకట్టినది హిమము. వేడినీట వేసి వడకట్టినది ఫాంటము. ఇవిగాక పులియబెట్టి చేయు ఆసవారిష్టములు కలవు. చరకసంహిత సూత్రస్థానమున 84 ఆసవములు పేర్కొనబడినవి. పులియుటవలన పుట్టిన మద్యసారము మూలికల సారమును లాగుటయే గాక, మందు చెడిపోకుండ చిరకాలము కాపాడును.

మన వైద్యులు మందు చెప్పి ఊరకుండరు. దానిని తేనెతో తీసికొనవలెనా, పాలతోనా, నేతితోనా, వేడినీటితోనా అను సంగతియు చెప్పుదురు. దానినే అనుపానమందురు. నేటి మందుసీసాలోని ద్రవము అచ్చముగా అనుపానము కాదు. అయినను మందుకు తోడై దానిని లోపలికి చేర్చు పని దానిది కావున, ఈ వ్యాసమున ఆ మాటను కొంత చనువుతో వాడుచున్నాను. ఇందు గమనింపదగిన దొకటి కలదు. పూర్వకాలపు అనుపానమేదో రోగికి తెలియును, ఇంటివారికిని తెలియును. తేనె మంచిదగునా కాదా యని నాలుక మీద వేసికొని చూచువారు. పాలు ఏ ఆవువో ఎరుగుదురు. మందు తత్త్వము వైద్యునికే తెలిసినను, అనుపానము మాత్రము అందరికిని పరిచితమైన వస్తువు.

పాశ్చాత్య వైద్యమునకు ఈ ద్రవౌషధములలో కొన్నింటి పేర్లు అరబ్బులనుండి వచ్చినవి. 'సిరప్పు' అను మాటకు మూలము అరబ్బీ 'షరాబ్'. మన షర్బత్తు దానికి తోబుట్టువు. 'ఎలిక్సిరు' అను మాట 'అల్ ఇక్సీర్' నుండి పుట్టినది. మనము వాడు 'అర్కు' కూడ ఆ భాషనుండి వచ్చినదే. ఐరోపాలో 1786లో థామస్ ఫౌలరు అను ఆంగ్ల వైద్యుడు పాషాణమును నీట కరగించిన మందును ప్రకటించెను; 1829లో ఫ్రాన్సు దేశపు లూగోల్ అయొడీను ద్రావణమును వెలువరించెను. ఫౌలరు మందులో పాషాణమున్నదని అందరికిని తెలియును. కావుననే దానిని బొట్లు లెక్కించి యిచ్చెడివారు. విషమని తెలిసిన వస్తువునెడ మనుష్యుడు జాగరూకుడై యుండును. తెలియని చోటనే ప్రమాదము పొంచియుండును.

మన దేశమున ఆంగ్లవైద్యశాలలు వచ్చిన పిమ్మట, 'మిక్స్చరు' అను మాట పల్లెలకు సైతము ప్రాకినది. రోగి ఇంటినుండి ఖాళీ సీసా, బిరడా తెచ్చుకొనవలెను. కాంపౌండరు పెద్ద జాడీలనుండి కొలిచి, కలిపి, సీసా నింపి, మోతాదుల కొక గాటు చొప్పున కత్తిరించిన కాగితపు పట్టీని దాని ప్రక్క అంటించును. 1892లో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి కలకత్తాలో స్థాపించిన బెంగాల్ కెమికల్ సంస్థ ఇట్టి ద్రవౌషధములను స్వదేశములోనే తయారుచేయుటకు దారి చూపినది. వారి వాము అర్కు దేశమంతట వాసికెక్కినది. 1954లో ఢిల్లీలో కేంద్రోద్యోగుల ఆరోగ్యపథకము ప్రారంభమైనప్పుడు దాని డిస్పెన్సరీలలో సైతము కాంపౌండరు, ఔన్సు గ్లాసు, రంగు మిక్స్చరు ఉండెడివి. క్రమముగా ఆ జాడీలు పోయినవి. ఎక్కడనో ఫ్యాక్టరీలో నింపి, బిగించి, లేబిలు అంటించిన సీసాలు వచ్చినవి. మందు కలుపు చేయి మన కంటికి దూరమైనది.

కరగని మందు, కరగించు ద్రవము

ద్రావణమనగా ఒక పదార్థము మరియొక ద్రవములో పూర్తిగా కరగి, రెండును ఒకే తీరైన పారదర్శక ద్రవమగుట. కరగని పొడి నీటిలో తేలియాడుచుండిన యెడల సీసాను కుదిపి వాడవలెను. లేనిచో మొదటి చెంచాలో మందు తక్కువ, కడపటి చెంచాలో ఎక్కువ యగును. ద్రావణమున ఈ చిక్కు లేదు. ప్రతి చెంచాలోను మందు సమానము. మాత్ర మ్రింగలేని శిశువునకును, వృద్ధునకును ఇది అనుకూలము. బిడ్డ బరువునుబట్టి మోతాదును సులభముగా తగ్గింపవచ్చును, హెచ్చింపవచ్చును. మందు అదివరకే కరగియున్నది గావున శరీరము దానిని త్వరగా గ్రహించును.

లోపములును లేకపోలేదు. నీరున్న చోట సూక్ష్మజీవులు పెరుగును. కొన్ని మందులు నీటిలో విరిగిపోవును. అందుచేతనే చక్కెర పాలు హెచ్చుగా వేసి పాకము పట్టుట, మద్యసారము చేర్చుట మొదలగు ఉపాయములు వచ్చినవి. మూడింట రెండు వంతులు చక్కెర ఉన్న పాకములో సూక్ష్మజీవులు బ్రదుకజాలవు. మన ఆవకాయ, మాగాయ జాడీలను ఉప్పు, నూనె కాపాడు రీతియే ఇదియు.

ఇరువదవ శతాబ్దమున రసాయనశాలలలో పుట్టిన మందులు పెక్కు నీటిలో సరిగా కరగవు. వానిని కరగించుటకు నీటితోబాటు మరియొక ద్రవము కావలసివచ్చినది. గ్లిసరిను, ప్రొపిలీను గ్లైకాలు అనునవి ఈ పనికి తగినవి. తగిన మోతాదులో హాని చేయవు. వీనికి దగ్గరి పోలికగల ద్రవము మరొకటి కలదు. దాని పేరు డైఎథిలీను గ్లైకాలు. దానికిని రంగు లేదు. అదియు చిక్కగా, తియ్యగా ఉండును. రంగులు, కృత్రిమ జిగురులు, వాహనముల బ్రేకు ద్రవములు మొదలగువానిలో వాడు పారిశ్రామిక వస్తువది. కంటికి గాని, నాలుకకు గాని ఇది మంచిదని, అది చెడ్డదని తెలియదు. కాని కడుపులోనికి పోయిన పిమ్మట కాలేయము దానిని ఆమ్లములుగా మార్చును. ఆ ఆమ్లము మూత్రపిండములలోని సన్నని నాళములను చంపివేయును. మూత్రము బందగును. ఆపై నాడీమండలము దెబ్బతినును. మన పెద్దలు పయోముఖ విషకుంభమనిన దానికి ఇంతకు మించిన దృష్టాంతము దొరకదు.

1937: అమెరికా గుణపాఠము

1935లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ డోమాక్ 'ప్రాంటోసిల్' అను ఎర్రని రంగుమందు సూక్ష్మజీవులను అణచగలదని ప్రకటించెను. ఆ సంవత్సరముననే పారిస్‌లోని పాశ్చరు సంస్థ శాస్త్రజ్ఞులు అందలి గుణమునకు కారణము సల్ఫానిలమైడు అని కనుగొనిరి. పెనిసిలిను ఇంకను జనులకు అందుబాటులోనికి రాని ఆ దినములలో అది సంజీవనివలె తోచినది. మాత్రలుగాను, పొడిగాను అమ్ముడుపోయినది. పిల్లలకు ద్రవరూపమున కావలెనని గిరాకి కలిగెను. అయితే ఆ మందు నీటిలో గాని, మద్యసారములో గాని తగినంత కరగదు.

అమెరికాలో టెనెస్సీ రాష్ట్రమున బ్రిస్టల్ పట్టణములోని మాసెంగిల్ కంపెనీలో హెరాల్డ్ వాట్కిన్స్ అను ప్రధాన రసాయనజ్ఞుడు డైఎథిలీను గ్లైకాలులో అది చక్కగా కరగునని కనుగొనెను. రాస్ప్‌బెరీ పండు రుచి కలిపెను. రంగు, రుచి, వాసన పరీక్షించిరి. విషమగునా కాదా అను పరీక్ష మాత్రము చేయలేదు. అప్పటి చట్టము ఆ పరీక్షను కోరనులేదు. 1937 సెప్టెంబరులో 'ఎలిక్సిర్ సల్ఫానిలమైడు' అను పేర 240 గాలనుల మందు దేశమునందలి మందుల దుకాణములకు, వైద్యులకు చేరెను.

అక్టోబరులో ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగర వైద్యులు, ఆ మందు త్రాగిన రోగులు మూత్రము బందై మరణించుచున్నారని వైద్యసంఘమునకు తెలియజేసిరి. ఫెడరల్ ఔషధశాఖవారు తమకున్న 239 మంది తనిఖీదారులలోను రసాయనజ్ఞులలోను దాదాపు అందరిని రంగములోనికి దింపిరి. వారు చిట్టాలు తిరగవేసి, కంపెనీ ఏజెంట్లను వెదకి, దుకాణముల చీటీలనుబట్టి ఇల్లిల్లు తిరిగి సీసాలను పట్టుకొనిరి. 240 గాలనులలో 234 గాలనులకు పైగా తిరిగి స్వాధీనమైనది. చేజిక్కని ఆ కొద్ది గాలనులు నూరుమందికి పైగా ప్రాణములను బలిగొన్నవి. వారిలో పెక్కుమంది పసివారు.

ఇక ఈ నేరమునకు చట్టము ఏ పేరు పెట్టినది? విషమును అమ్మినందులకు అప్పటి చట్టమున శిక్ష లేదు. 'ఎలిక్సిరు' అని పేరుపెట్టి అందు మద్యసారము లేకుండుట తప్పుడు లేబిలు క్రిందికి వచ్చునను ఒక్క ఆధారము మాత్రము దొరికెను. ఆ సీసాపై 'ద్రావణము' అని యుండిన యెడల ఆ జప్తునకును చట్టమున ఆధారముండెడిది కాదు! కంపెనీ 26,100 డాలర్లు జరిమానా చెల్లించెను. టల్సా నగరమున కుమార్తెను పోగొట్టుకొన్న ఒక తల్లి అధ్యక్షుడు రూజ్వెల్టుకు వ్రాసిన లేఖ దేశమును కదలించినది. కాంగ్రెసు సభలో సంవత్సరములుగా మూలపడియున్న బిల్లు లేచినది. 1938 జూన్ 25న రూజ్వెల్టు సంతకముతో క్రొత్త చట్టము వచ్చెను. నాటినుండి అమెరికాలో క్రొత్త మందు అమ్ముటకు ముందే అది హానికరము కాదని ఋజువు చూపవలసినదే.

ఈ కథకు ఒక ఉపకథ కలదు. చికాగో విశ్వవిద్యాలయమున ఆచార్య గైలింగు ఈ ద్రవమును జంతువులపై పరీక్షించి విషము మందుది కాదు, ద్రావకముదే యని తేల్చెను. ఆ పరీక్షలలో పాల్గొన్న విద్యార్థిని ఫ్రాన్సిస్ ఓల్డ్‌హామ్. వివాహానంతరము కెల్సీ యను పేరు ధరించిన ఆమె, 1960లో ఔషధశాఖలో ఉద్యోగియై, థాలిడోమైడు అను మందు ఫైలుపై సంతకము చేయుటకు నిరాకరించెను. కంపెనీ ఎంత తొందరపెట్టినను, ఋజువులు చాలవని మరల మరల తిప్పిపంపెను. ఆ మందు ఐరోపాలో వేలకొలది శిశువులను వికలాంగులను చేసినది. అమెరికా చాలవరకు తప్పించుకొన్నది. ఫైలును ఆపుట ఎల్లప్పుడును జాప్యము కాదని, ఒక్కొక్కప్పుడది ప్రాణరక్షణ యని తెలిసికొనుటకు ఈ ఉదాహరణ చాలును.

మన దేశపు చట్టము

మన దేశమున ఈ ఆలోచన అంతకుముందే మొదలైనది. మార్కెట్టులో కల్తీ క్వినైను, నాసిరకపు మందులు విచ్చలవిడిగా అమ్ముడుపోవుచున్నవని ఆందోళన బయలుదేరగా, 1930లో ప్రభుత్వము ఔషధ విచారణ సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు కర్నల్ రామనాథ చోప్రా. 1931లో వెలువడిన నివేదిక కేంద్ర శాసనము కావలెననియు, పరీక్షాశాలలు, శిక్షణ పొందిన ఔషధజ్ఞులు కావలెననియు చెప్పెను. 1940లో ఔషధముల చట్టము, 1945లో దాని నిబంధనలు వచ్చినవి. 1948లో ఫార్మసీ చట్టము వచ్చినది. స్వతంత్ర భారతపు ప్రథమ ఔషధ సంహిత 1955లో వెలువడెను.

ఈ చట్టమునకు ఒక కీలకమైన లక్షణము కలదు. విదేశములనుండి వచ్చు మందులపై అదుపు కేంద్రముది. దేశమున మందు తయారుచేయుటకును, అమ్ముటకును లైసెన్సు ఇచ్చు పని ముఖ్యముగా రాష్ట్రములది. ఒక రాష్ట్రమున తయారైన సీసా ఇంకొక రాష్ట్రమున అమ్ముడుపోవును. మరణము అక్కడ సంభవించును. కారణము ఇక్కడ ఉండును. రెండు కార్యాలయముల నడుమ ఉత్తరము నడచు కాలమున సీసా ఆగదు. 1961లో భారత ప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. సంస్థను స్థాపించి, హైదరాబాదులో దాని కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట, ఆ నగరము దేశపు ఔషధ పరిశ్రమకు పెద్ద కేంద్రమై పెరిగినది. తెలుగువారు పెక్కుమంది ఈ పరిశ్రమలో అన్నము తినుచున్నారు. కావున ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

పేరొకటి, పీపాలో వేరొకటి

1937లో అమెరికా చేసినది అజ్ఞానముతో కూడిన అపరాధము. ఆ రసాయనజ్ఞుడు తాను ఏ ద్రవమును వాడుచున్నాడో ఎరుగును; అది ప్రాణాంతకమని మాత్రము ఎరుగడు. తరువాతి విపత్తుల స్వభావము వేరు. వీనిలో మందు తయారుచేయువాడు గ్లిసరిను వాడుచున్నాననియో, ప్రొపిలీను గ్లైకాలు వాడుచున్నాననియో కాగితమున వ్రాయును. పీపాలో ఉన్నది వేరు. పారిశ్రామికపు సరుకు చౌక. మందునకు తగిన సరుకు ప్రియము. చేతులు మారుచున్నకొలది చౌకది ప్రియమైనదాని పేరు ధరించును. ఎలుగుబంటి తోలు కప్పుకొన్న మేకను గుర్తించుట సులభము; మేకతోలు కప్పుకొన్న ఎలుగును గుర్తించుట కష్టము.

1986లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో, చికిత్సకై గ్లిసరిను త్రాగించిన రోగులలో 14 మంది మరణించిరి. అందు డైఎథిలీను గ్లైకాలు ఉన్నట్లు తేలెను. జస్టిస్ లెంటిన్ విచారణ జరిపి నివేదిక సమర్పించెను. సరుకు కొనుగోలు, లైసెన్సు, తనిఖీ అను అన్ని మెట్లమీదను ఆయన లోపములను ఎత్తిచూపెను.

పొరుగు బంగ్లాదేశములో 1990 నుండి 1992 వరకు కారణము తెలియని మూత్రపిండ వైఫల్యముతో 339 మంది పిల్లలు ఆస్పత్రిపాలైరి. వారిలో అధికులు మరణించిరి. ఢాకా వైద్యులు పట్టుదలతో పరిశోధించి, జ్వరమునకిచ్చిన పారాసిటమాలు ద్రవమే కారణమని కనుగొనిరి. అట్టి మందులను నిషేధించినంతనే కేసులు చాలవరకు తగ్గిపోయినవి. 1995, 1996 సంవత్సరములలో హైతీ దేశమునను, 2006లో పనామాలోను ఇదే కథ.

1998 వేసవిలో మన ఢిల్లీ ప్రక్కనున్న గుడ్‌గావ్ ప్రాంతపు పిల్లలు దగ్గుమందు త్రాగి, మూత్రము బందై, రాజధానిలోని కళావతీ శరణ్ బాలల ఆస్పత్రికి వచ్చిరి. 33 మంది పిల్లలు దక్కలేదు. 2019 డిసెంబరునుండి 2020 జనవరివరకు జమ్మూ ప్రాంతమున రామనగరములో పదిమందికి పైగా శిశువులు ఇట్లే పోయిరి. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు మరణించగా, అక్టోబరున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమున తయారైన నాలుగు సిరప్పులపై హెచ్చరిక జారీచేసెను. ఆ సంవత్సరముననే ఇండొనీషియాలో స్థానికముగా తయారైన సిరప్పులవలన రెండువందలమంది పిల్లలు చనిపోయిరి. 2025 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మధ్యప్రదేశమున ఛింద్వాడా ప్రాంతమున ఇరువదిమందికి పైగా పిల్లలు దగ్గుమందు త్రాగి మరణించిరి. తమిళనాడులో తయారైన ఆ మందును ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణశాఖ పరీక్షింపగా అందు 48.6 శాతము డైఎథిలీను గ్లైకాలు తేలినది. ఔషధ సంహితలు అనుమతించు మేర 0.1 శాతము మాత్రమే!

ప్రతి చోటను వైద్యులకు ఒకే చిక్కు. బిడ్డకు మొదట దగ్గో, జ్వరమో ఉన్నది. మందు ఇచ్చిరి. రెండు మూడు దినములకు మూత్రము ఆగినది. జ్వరము ముదిరినదనియో, ఏదో అంటువ్యాధి యనియో తలంతురు. మందు రోగమును తగ్గించుటకు ఇచ్చినది గావున దానిమీద అనుమానము పోదు. పిల్లలందరును ఒకే సీసా మందు త్రాగిరని ఒక్కరు గమనించువరకు విషము అమ్ముడుపోవుచునే ఉండును.

ఉప్పు, చక్కెర, నీరు

ద్రావణమనగానే భయపడవలెనని చెప్పుట నా అభిమతము కాదు. ఇరువదవ శతాబ్దమున శిశువుల ప్రాణములను మిక్కిలి కాపాడిన మందులలో ఒకటి ద్రావణమే. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలమంది కాందిశీకులు వచ్చినప్పుడు, సరిహద్దునున్న బనగావ్ శిబిరములో కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను సీసాలు అయిపోయినవి. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఒక లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి, కొళాయి బిగించిన డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. అదివరకు నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు, ఆ చికిత్స పొందినవారిలో 3.6 శాతమునకు దిగెను.

ఈ రెండు ద్రావణముల నడుమ భేదమేమి? బనగావ్ డ్రమ్ములో ఏమున్నదో కలిపినవాడెరుగును, త్రాగించు తల్లి యెరుగును. అందలి ప్రతి వస్తువును పేరుతో, తూకముతో చెప్పవచ్చును. ఛింద్వాడా సీసాలో సగమువరకు ఏమున్నదో దానిని వ్రాసియిచ్చిన వైద్యుడెరుగడు, అమ్మినవాడెరుగడు, పోసిన తల్లి యెరుగదు. ఎరుగవలసిన బాధ్యతగల తయారీదారు చూడలేదు.

చేయవలసినది

ఇట్టి విపత్తు నివారణకు గొప్ప విజ్ఞానము అక్కరలేదు. ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి పీపానుండి నమూనా తీసి, అందు ఈ విషద్రవమున్నదా యని పరీక్షింపవలెను. సీసాలలో నింపిన పిమ్మట ప్రతి తయారీ విడతను మరల పరీక్షింపవలెను. ఈ పరీక్ష దశాబ్దములుగా తెలిసినదే. ఒక పీపా సరుకు విలువతో పోల్చిన దాని ఖర్చు స్వల్పము. మన నిబంధనలును ముడిసరుకు పరీక్ష తయారీదారు విధి యనియే చెప్పుచున్నవి. 2008 సవరణ కల్తీమందుతో ప్రాణము తీసినవారికి యావజ్జీవ శిక్షవరకు విధించుటకు వీలు కల్పించినది. 2023 జూన్ 1 నుండి విదేశములకు పంపు దగ్గుమందులను ముందుగా నిర్ణీత ప్రయోగశాలలలో పరీక్షింపవలెనని ఉత్తరువు వచ్చినది. అయినను అటుపిమ్మట రెండు సంవత్సరములకే స్వదేశపు పిల్లలు ఛింద్వాడాలో మరణించిరి. 2025 అక్టోబరులో ముడిసరుకును, తయారైన మందును విడతవారీగా పరీక్షించు నిబంధన అమలగునట్లు చూడుడని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రములకు వ్రాసెను. అనగా ఉన్న నిబంధనను పాటింపుడని మరల చెప్పవలసివచ్చినది.

కావున లోపము చట్టము లేకపోవుటలో లేదు. పీపా బదులు పత్రమును పరీక్షించుటలో ఉన్నది. సరుకు అమ్మినవాడు ఒక ధ్రువపత్రమిచ్చును. కొన్నవాడు దానిని నమ్మి ఫైలులో చేర్చును. తనిఖీకి వచ్చినవాడు ఫైలులో పత్రమున్నదా లేదా యని చూచి గుర్తుపెట్టును. మూడు సంతకములు పడును. పీపా మూత మాత్రము తెరువబడదు. సెక్రటేరియటులో పనిచేయు మనకు పత్రము విలువ తెలియును. పత్రము లేనిదే ప్రభుత్వము నడువదు. కాని పత్రము వస్తువునకు సాక్షియే గాని వస్తువు కాదు. సాక్షిని విచారింపక తీర్పు చెప్పు న్యాయాధిపతి ఉండడు. ఔషధమునెడ మాత్రము ఆ తీర్పును మనము ఎన్నోమారులు చెప్పితిమి.

గృహస్థులు చేయదగినదియు కొంత కలదు. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, అయిదేండ్లలోపువారికి సాధారణముగా సిఫారసు చేయదగినవి కావనియు 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టరేటు సూచించినది. పిల్లల దగ్గు పెక్కుసారులు మందు లేకయే నయమగును. వైద్యుడు సిరప్పు వ్రాసిన యెడల, అది తప్పనిసరియా యని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. కొన్న సీసాకు రసీదు తీసికొనవలెను. బిడ్డ మందు త్రాగిన పిమ్మట మూత్రము తగ్గినను, వాంతులు, మగత కలిగినను ఆస్పత్రికి ఆ సీసాను కూడ వెంట తీసికొనిపోవలెను. జబ్బు నయమైన పిమ్మట మిగిలిన మందును పారవేయుట మంచిదే. కాని బిడ్డ నలతగా ఉన్నంతకాలము ఖాళీ సీసానైనను పారవేయరాదు. దాని లేబిలుమీది విడత సంఖ్యను పట్టుకొనియే అధికారులు తక్కిన సీసాలను దుకాణములనుండి తీయింపగలరు. అడుగున మిగిలిన ఒక్క చెంచా ద్రవము, ఫైలులోని పత్రములన్నింటికంటె నిజము పలుకు సాక్షి.